కునికే గుర్రం, వణికే పలక

గుర్రాన్ని మోటారుతో సన్నగా వణికే పలక మీదికి ఎక్కించి స్విచ్ వేస్తారు. మోటారు చప్పుడుకి అది చెవులు వెనక్కి తిప్పి, గిట్టలు ఒకసారి సర్దుకుంటుంది. కాసేపయ్యాక మెడ వాల్చేస్తుంది, కింది పెదవి వేలాడుతుంది, కళ్ళు సగం మూతపడతాయి. పక్కనున్న యజమానికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఎముక గట్టిపడుతుంది, కుంటు తగ్గుతుంది, గిట్ట త్వరగా పెరుగుతుంది, వెన్ను బలపడుతుంది, టెన్షన్ పోతుంది అని అమ్మేవాళ్ళు చెప్పినవన్నీ ఆ సగం మూసిన కళ్ళల్లోనే కనిపిస్తాయి.

అయితే గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. కాళ్ళలోని స్నాయువులు, కీళ్ళు తమంతట తామే బిగుసుకునే ఏర్పాటు దానికి పుట్టుకతోనే ఉంది. కాబట్టి అది కునికిందంటే భయపడటం లేదని మాత్రమే అర్థం. ఎముక సంగతి కళ్ళు చూసి చెప్పలేం, కొలిచి చూడాలి.

ఈ పలకల కథ వెనక నిజమైన సైన్స్ లేకపోలేదు. అది గొర్రెలతో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో క్లింటన్ రూబిన్ బృందం ఆడ గొర్రెల వెనక కాళ్ళను రోజుకు 20 నిమిషాల పాటు, సెకనుకు 30 సార్లు కంపించే పలక మీద ఉంచింది. ఊపు చాలా స్వల్పం, గురుత్వ బలంలో మూడో వంతు కూడా లేదు. ఏడాది తర్వాత తొడ ఎముక పైభాగంలోని స్పంజి లాంటి ఎముక సాంద్రత మామూలు గొర్రెల కంటే 34 శాతం ఎక్కువగా తేలింది. 2001లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. బరువులెత్తకుండా, పరుగెత్తకుండా ఎముక పెరగడమంటే ఎవరికైనా ఆశ పుట్టక మానదు.

ఆశ పుట్టింది కూడా. కానీ మనుషుల మీద ఫలించలేదు. ముట్లుడిగిన 202 మంది మహిళల మీద ఏడాది పాటు, అరవై దాటిన 174 మంది మీద రెండేళ్ళ పాటు ఇలాంటి పలకలనే పరీక్షించారు. ఎముకలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

గుర్రాల దగ్గరికొస్తే, అమెరికాలో జరిగిన ఒక తొలి పరిశోధనలో లాయంలో కట్టేసి పలకెక్కించిన గుర్రాల ఎముక, తేలికపాటి వ్యాయామం చేసిన గుర్రాల ఎముకతో సమానంగా నిలిచింది. వినడానికి బాగుంది. కానీ లాయంలోనే ఉండి పలక ఎక్కని మూడో గుంపు అందులో లేదు. ఆ గుంపు లేకపోతే పలక ఏం చేసిందో ఎలా తెలుస్తుంది? తర్వాత వ్యాయామం చేస్తున్న గుర్రాలను రోజుకు 45 నిమిషాలు, సెకనుకు 50 కంపనాలతో 28 రోజులు నిలబెట్టి చూస్తే ఎముక ఖనిజంలోనూ, నడకలో వేసే అంగ పొడవులోనూ, గుండె వేగంలోనూ మార్పు లేదు. కుంటు మీద చేసిన చిన్న ప్రయోగాలూ నిరాశే మిగిల్చాయి. గిట్ట అదురును మింగడానికే తయారైన అవయవం. దాని మడమ వైపున్న మెత్తటి దిండు పరుగులో నేల నుంచి వచ్చే దెబ్బను కాచుకుంటుంది. పలక పంపే కంపనం కూడా ఆ దారినే పైకెక్కాలి కదా! ఫలితం రాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

యజమానులు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు. పారిస్ నాడీ వైద్యుడు షార్కో 1892లో పార్కిన్సన్స్ రోగుల కోసం వణికే కుర్చీ చేయించాడు. రైల్లోనో బండిలోనో చాలాసేపు ప్రయాణించాక తమకు హాయిగా ఉందని వాళ్ళే ఆయనతో అన్నారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత షికాగోలో 23 మంది రోగులతో ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. కొందరికి వణికే కుర్చీ, మిగతావాళ్ళకు చప్పుడు మాత్రమే వినిపించే వణకని కుర్చీ ఇచ్చారు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. అంటే మేలు చేసింది వణుకు కాదు, నయమవుతుందన్న నమ్మకమే కావచ్చు.

గుర్రానికి నమ్మకం ఎక్కడిది, అది నటించదు కదా అనొచ్చు. నమ్మకం చూసేవాళ్ళది. కీళ్ళవాతంతో కుంటే కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చి, కాలు నేల మీద ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిచారు. యంత్రం ప్రకారం బాగుపడకపోయినా, సుమారు 40 శాతం సార్లు యజమానులకు బాగైనట్టే తోచింది. పశువైద్యుల కళ్ళు ఇంకొంచెం ఎక్కువే మోసపోయాయి!

ఇంతకీ ఎముకకు ఏం కావాలి? లోపలి కణాలు ఒత్తిడిని పసిగట్టి, ఇక్కడ గట్టిపరచాలి, అక్కడ తీసేయాలి అని కబురు పంపుతాయి. అవి గంటలు లెక్కపెట్టవు. 1984లో ఇదే రూబిన్, లాన్యన్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి ఒక పక్షి రెక్క ఎముకను రోజుకు 36 సార్లు ఒత్తితే వచ్చిన ఫలితం, 1800 సార్లు ఒత్తినా దాటలేదు. అమెరికాలోని మిషిగన్‌లో దూడల్ని ఆరు వారాల పాటు, ఒక్కో విడతకు 71 మీటర్ల చొప్పున పరుగెత్తించారు. వారానికి ఒక్కసారి పరుగెత్తిన వాటి కాలి ఎముకలు కూడా, కొట్టంలోనే ఉన్న వాటి కంటే స్పష్టంగా గట్టిపడ్డాయి. పిల్ల గుర్రాలకు నమూనాగానే దూడలను ఎంచుకున్నారు. మలక్‌పేట రేసు గుర్రమైనా కెంటకీ గుర్రమైనా రోజులో ఎక్కువ భాగం లాయంలోనే గడుపుతుంది. దానికి వేలకు వేలు పోసి పలక కొనే ముందు, గేటు తీసి కాసేపు మైదానంలోకి వదిలి చూడొచ్చు.

దెబ్బతిని కదలలేని గుర్రాన్ని మాత్రం పరుగెత్తించలేం. అక్కడ ఒక చిన్న ఆశ మిగిలి ఉంది. తొమ్మిది గుర్రాలను 60 రోజులు, రోజుకు రెండు పూటలా అరగంట చొప్పున పలకెక్కిస్తే, వెన్నెముకను పట్టి ఉంచే లోతైన కండరం మందంగా పెరిగింది. అందులోనూ పోల్చడానికి మరో గుంపు లేదు. ఆ ప్రయోగాన్నే మళ్ళీ చేస్తూ, సగం గుర్రాలను మోటారు మోగుతున్నా కదలని పలక మీద నిలబెట్టాలి. ఏ గుర్రం ఏ పలకెక్కిందో కండరం కొలిచేవాళ్ళకు చెప్పకూడదు.