ద్రవ హైడ్రోజన్‌లో దాగిన వేడి

2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో ఇంధనం ద్రవ హైడ్రోజన్. మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగిపోయే ఈ ద్రవాన్ని దాచడానికి ట్యాంకుకు రెండు గోడలు కట్టి, వాటి మధ్య గాలిని తోడేస్తారు. అయితే బయటి వేడి ఇసుమంత కూడా చొరబడని ట్యాంకును తయారు చేయగలిగినా, మామూలు హైడ్రోజన్‌ను ఉన్నపళంగా ద్రవీకరించి అందులో నింపితే అది నిలవదు. ఆవిరి చేసే వేడి దాని అణువుల్లోనే దాగి ఉంటుంది.

హైడ్రోజన్ అణువులోని రెండు ప్రోటాన్ల స్పిన్‌లు (బొంగరం తిరగడాన్ని పోలిన సహజ గుణం) ఒకే దిశలో ఉంటే ఆర్థో రూపమనీ, వ్యతిరేక దిశల్లో ఉంటే పారా రూపమనీ అంటారు. గది ఉష్ణోగ్రత వద్ద నాలుగింట మూడు వంతులు ఆర్థోయే. ద్రవంలో మాత్రం, తగినంత కాలం గడిస్తే, దాదాపు అంతా పారాగా మారిపోతుంది. రోజుల తరబడి మెల్లగా సాగే ఈ మార్పులో కిలోకు సుమారు 527 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. కిలో ద్రవాన్ని ఆవిరి చేయడానికి 446 కిలోజౌళ్లు చాలు కాబట్టి, మొదటి రోజే సుమారు 18 శాతం, పది రోజులు తిరిగేసరికి సగానికి పైగా ఆవిరైపోతుంది. ఈ రెండు రూపాలను బయటపెట్టింది క్వాంటం సిద్ధాంతమే. ఆ సిద్ధాంతానికి పునాది వేసిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైజన్‌బర్గ్‌కు ప్రకటించిన 1932 నోబెల్ బహుమతి ప్రశంసా వాక్యంలోనూ ఈ విషయం ఉంది. ఇంత సూక్ష్మమైన సంగతి ఇంధన ట్యాంకు దగ్గర లెక్కలోకి రావడం నాకు ఎప్పటికీ అబ్బురమే. పరిష్కారంగా, వాయువును చల్లబరిచే దశలోనే ఐరన్ ఆక్సైడ్ వంటి ఉత్ప్రేరకం మీదుగా పంపి, మార్పును ముందే పూర్తి చేయించి, ఆ వేడిని అక్కడే తొలగిస్తారు.

అయినా కొంత ద్రవం మరుగుతూనే ఉంటుంది. గది ఉష్ణోగ్రతకు చేరితే దాని పరిమాణం 800 రెట్లకు పైగా పెరుగుతుంది కనుక, పీడనం హద్దు దాటగానే తెరుచుకునే కవాటాలు, వాయువును ఎత్తున వదిలే గొట్టాలు తప్పనిసరి. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా ఈ వాయువు మండగలదు. ఆరుబయట వెచ్చబడగానే పైకెగిసి చెదిరిపోతుంది గాని, పైకప్పు కింద పోగైతే పెను ప్రమాదం.

వాయువు బయటికి రావడమే కాదు, గాలి లోపలికి పోవడమూ అంతే ప్రమాదకరం. ఆ చలికి గాలిలోని ఆక్సిజన్ గడ్డకట్టి ద్రవ హైడ్రోజన్‌లో చేరితే, చిన్న తాకిడికే పేలవచ్చు. అందుకే నింపే ముందు గొట్టాల్లోని గాలిని పూర్తిగా వెళ్లగొడతారు; ఆ పనికి చవకైన నైట్రోజన్ ఒక్కటే సరిపోదు, మైనస్ 210 డిగ్రీల వద్ద అదీ గడ్డకడుతుంది కాబట్టి చివరి విడతకు హీలియం వాడక తప్పదు.