నల్లగొండ నీళ్లు, రాజ్యం ప్రశ్న

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టి, ఎముకలు వంకర తిరిగిన పల్లెల గోడు ఢిల్లీకి చేరాలని జల సాధన సమితి చేసిన ఉద్యమం అది. ఢిల్లీ విన్నది, కానీ వేరేలా. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇంత పెంపుకు నల్లగొండ ఒక ముఖ్య కారణం. నీళ్లకు మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది.

ఆ ఎన్నికలో గెలిచింది సీపీఐ నాయకుడు ధర్మభిక్షం. ఈ జిల్లాలో అది వింతేమీ కాదు. 1946 నుంచి 1951 వరకు సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ. దొరల భూములు పంచి, వెట్టి ఆపి, ఊళ్లలో జనమే పాలించుకునే గ్రామ రాజ్యాలు నడిపారు. పాత రాజ్యయంత్రాన్ని, అంటే పోలీసులు, కోర్టులు, ఆఫీసుల వ్యవస్థను, ఉన్నదున్నట్టు చేతిలోకి తీసుకుంటే సరిపోదని 1871లో పారిస్ కార్మికులు కొన్నాళ్లు నగరాన్ని తామే పాలించిన పారిస్ కమ్యూన్ తర్వాత మార్క్స్ చెప్పిన మాటకు ఇక్కడి పల్లెలు తమ పద్ధతిలో రూపమిచ్చాయి. పోరాటం ఆగిన మరుసటేడు, 1952లో, రావి నారాయణరెడ్డి ఇక్కడ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆ నెహ్రూయే 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. అప్పటిదాకా కొట్లాడిన రాజ్యాన్నే ఇక నీళ్లు, కరెంటు, భూమి అడగాల్సి వచ్చింది. అడగడం న్యాయమే.

కానీ సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పచ్చగా చేసింది. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ ఎండిపోయే ఉన్నాయి. చెరువులు పూడిపోతుంటే రైతు బోర్లు వేశాడు, నీళ్లు దిగినకొద్దీ ఇంకా లోతుకు పోయాడు. ఇక్కడి గ్రానైట్ రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. ఆ నీళ్లు ఎక్కువ తాగింది వేరే నీళ్లు కొనలేని కూలీలు. పెట్టుబడిదారీ సేద్యం కూలీతో పాటు నేలనూ దోస్తుందని మార్క్స్ 1867లోనే, 'పెట్టుబడి' మొదటి సంపుటంలో రాశాడు. మన దగ్గర భూమి ఎవరిదని అడిగినంత గట్టిగా, భూమి కింద ఏం జరుగుతోందని అడగలేదని నా అభిప్రాయం.

నేలకూ కూలీకీ జరిగే నష్టమంతా లాభం కోసం ప్రైవేటు కంపెనీలు చేసిన పని అని ఊరుకుందామా అంటే, ఇక్కడ అదీ కుదరదు. కృష్ణా ఒడ్డున దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు కరెంటు ప్లాంటు ప్రభుత్వ సంస్థదే. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తెచ్చే దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం ప్రభుత్వ ప్రాజెక్టే. పైన పులుల అడవి ఉంది కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తవ్వకుండా రెండు చివరల నుంచే తవ్వుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న అది కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అందరూ బయటి రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లే. ఇక్కడి దాహం తీర్చడానికి వాళ్ల ప్రాణాలు పోయాయి.

యురేనియం కథ ఇంకో కోణం చూపించింది. సాగర్ జలాశయం దగ్గర లంబాపూర్, పెద్దగట్టులో తవ్వాలనుకున్నదీ కేంద్ర ప్రభుత్వ సంస్థే. 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా ఎదిరించారు. నల్లమల వంతు వచ్చినప్పుడు, 2019 సెప్టెంబరులో, తెలంగాణ అసెంబ్లీయే తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. రాజ్యం ఒకే ముద్ద కాదు, వర్గాల పోరు దాని లోపల కూడా సాగుతుందని గ్రీకు మార్క్సిస్టు పౌలాంట్‌జాస్ 1970ల్లో వాదించాడు. చెంచులు, రైతులు, విద్యార్థులు రోడ్డెక్కాకే ఆ తీర్మానం వచ్చింది కాబట్టి ఆయన మాట నాకు సరైనదనిపిస్తుంది.

అయినా ప్రజాభిప్రాయ సేకరణలో ఊరంతా వద్దన్నా ప్రాజెక్టును ఆపే అధికారం ఆ ఊరికి లేదు. అభ్యంతరాలు రాసుకుంటారు, నిర్ణయం ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో జరుగుతుంది. గ్రామ రాజ్యాలు నడిపిన జిల్లాలో ఎర్రజెండా పార్టీలు డ్యాముల కోసం, పట్టాల కోసం పోరాడినంతగా ఈ అధికారం కోసం ఇంకా పోరాడలేదు.