మంత్రి గారు సంతకం పెట్టాక కూడా మీ పని ఎందుకు కాలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సచివాలయంలో కింది స్థాయిలో చేరి, చివరికి మంత్రుల పేషీల్లో, అంటే వాళ్ల సొంత కార్యాలయాల్లో, పనిచేసి రిటైరైన వాణ్ని. అన్ని రంగుల కండువాలూ చూశాను కాబట్టి ఏ పార్టీ మీదా నాకు ప్రత్యేకంగా ప్రేమా లేదు, కోపమూ లేదు. కానీ ఇప్పటికీ పెళ్లికెళ్లినా పరామర్శకెళ్లినా ఎవరో ఒకరు పక్కన చేరి "సార్, మంత్రి గారు సంతకం పెట్టేశారు, ఇంకా పని కాలేదేంటి?" అని అడుగుతూనే ఉంటారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

అపోహ: ఎమ్మెల్యే అంటే ఊరికి రోడ్డు వేయించే మనిషి.

రాజ్యాంగం ప్రకారం ఆయన పని చట్టాలు చేయడం, ప్రభుత్వం పెట్టే ఖర్చుకు సభలో ఓటు వేయడం, ఆ ఖర్చు గురించి నిలదీయడం. అధికార పార్టీ ఎమ్మెల్యే అయినంత మాత్రాన ఆయన ప్రభుత్వం కాదు. తహసీల్దారుకి ఆదేశం ఇచ్చే అధికారం ఆయనకి లేదు, లేఖ రాయగలడు అంతే. ఆ లేఖకి విలువ ఎంత అనేది అధికారంలో ఎవరున్నారన్న దాన్ని బట్టి మారుతుందన్నది అందరికీ తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు. పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి ముందు వరుస చూస్తే ఆస్పత్రి బిల్లు పట్టుకుని సీఎం సహాయనిధి కోసం వచ్చినవాళ్లు, నిమ్స్‌లో ఆపరేషన్‌కి ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందనే హామీ పత్రం) కావాలనేవాళ్లు, తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖ అడిగేవాళ్లు కనిపిస్తారు. ఫలానా పద్దు కింద నిధులు ఎందుకు తగ్గాయని అడిగే మనిషి మాత్రం నాకు ఎప్పుడూ కనపడలేదు. అడిగేవాళ్లు లేనప్పుడు ఆయన మాత్రం రాత్రి కూర్చుని బడ్జెట్ పుస్తకాలు ఎందుకు చదువుతాడు?

అపోహ: మంత్రి సంతకం పడిందంటే పని అయిపోయినట్టే.

ఇది అన్నిటికన్నా పెద్ద అపోహ. మీ ఊరి వాగు మీద వంతెన కావాలని వినతిపత్రం ఇచ్చారనుకోండి. మంత్రి గారు నవ్వుతూ తీసుకుని, పక్కన ఖాళీలో ఏదో రాసి సంతకం పెడతారు, మీరు ఫొటో దిగి ఇంటికెళ్లిపోతారు. ఆయన రాసిందేమిటో చదివారా? చాలాసార్లు అక్కడ ఉండేది "ప్లీజ్ ఎగ్జామిన్" అనే రెండు ముక్కలు. అంటే పరిశీలించండి అని, మంజూరు చేయండి అని కాదు. "ఫైల్ సర్క్యులేట్ చేయండి" అని ఉంటే కొంచెం మేలు, కనీసం ఆ ఫైలు తిరిగి ఆయన దగ్గరికి రావాలి.

ఆ కాగితం పేషీ నుంచి శాఖకి వెళ్తుంది. అక్కడ ఏఎస్‌వో (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) దగ్గర ఫైలు పుడుతుంది, సెక్షన్ ఆఫీసర్ దాటి, డిప్యూటీ సెక్రటరీ దాటి కార్యదర్శి దాకా ఎక్కుతుంది. మధ్యలో జిల్లా ఇంజినీర్ల నుంచి అంచనాలు తెప్పించాలి, అవి వచ్చేదాకా ఫైలు ఆగుతుంది. ఖర్చుంది కాబట్టి తర్వాత ఆర్థిక శాఖకి పోవాలి. ఆర్థిక శాఖ కొర్రీ, అంటే అభ్యంతరం, వేయకుండా వదిలిన ఫైలు నాకు పెద్దగా గుర్తు లేదు. ఈ పనికి బడ్జెట్‌లో పద్దు ఉందా, పాత బిల్లులు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, ఇప్పుడే ఎందుకు అని అడుగుతారు. తిట్టుకునేవాళ్లం గానీ వాళ్ల ఉద్యోగమే అది. కొర్రీలన్నీ దాటితే పరిపాలనా అనుమతి జీవో వస్తుంది. ఆ జీవో చివర గవర్నర్ పేరున, ఉత్తర్వుల మేరకు అని ఉండి, కింద కార్యదర్శి సంతకం ఉంటుంది. మంత్రి సంతకం జీవో మీద ఎక్కడా ఉండదు, అది లోపల అధికారుల అభిప్రాయాలు రాసుకునే నోట్ ఫైల్లోనే ఉండిపోతుంది.

అయిపోలేదు. సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు ఇంకా మిగిలే ఉన్నాయి. వీటి మధ్యలో ఎప్పుడో శిలాఫలకం పడుతుంది, పేపర్లో ఫొటో వస్తుంది. పని మొదలయ్యాక బిల్లు పెడితే, ఆర్థిక శాఖ నుంచి నిధుల విడుదల ఉత్తర్వు రాకపోతే డబ్బు కదలదు. రెండు పిల్లర్లు లేచి ఆగిపోయిన వంతెనలు మీరూ చూసే ఉంటారు, వాటి దగ్గర కాంట్రాక్టర్ని తిట్టేముందు బిల్లు ఎక్కడ ఆగిందో ఒకసారి కనుక్కోండి. అందుకే మంత్రి పని సగం సంతకాలు, మిగతా సగం ఆర్థిక మంత్రి చుట్టూ, సీఎంవో (ముఖ్యమంత్రి కార్యాలయం) చుట్టూ తిరగడం. మంచి మంత్రి అని మా పేషీల్లో పేరు తెచ్చుకున్నవాళ్లు గొప్ప వక్తలేమీ కాదు, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలాఖరు లోపు తమ శాఖ నిధులు విడుదల చేయించుకోగలిగినవాళ్లు.

అపోహ: మెట్టు మెట్టు ఎక్కి, మంత్రిగా చేసినవాళ్లే ముఖ్యమంత్రి అవుతారు.

పాత రోజుల్లో కొంత నిజం. పీవీ నరసింహారావు 1957లో మంథని నుంచి ఎమ్మెల్యే, తర్వాత మంత్రి, 1971లో ముఖ్యమంత్రి. కానీ ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టి 1983 జనవరిలో నేరుగా సీఎం కుర్చీలో కూర్చున్నారు. కిరణ్‌కుమార్‌రెడ్డి చీఫ్ విప్‌గా, స్పీకర్‌గా చేసి, ఒక్కరోజు కూడా మంత్రిగా లేకుండా 2010లో ముఖ్యమంత్రి అయ్యారు. రేవంత్‌రెడ్డి జడ్పీటీసీ, ఎమ్మెల్సీ, ఎమ్మెల్యే, ఎంపీ అన్నీ చేశారు గానీ సీఎం కాకముందు మంత్రి పదవి చేయలేదు. ఎమ్మెల్యే అయి ఉండాలన్న రూలూ లేదు, 2009లో రోశయ్య ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన ఎమ్మెల్సీ.

అసలు ఏ సభలోనూ సభ్యుడు కాకపోయినా మంత్రి కావచ్చు, కాకపోతే 164వ అధికరణ ప్రకారం ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకి ఎన్నిక కావాలి. కిడారి శ్రావణ్‌కుమార్ 2018 నవంబర్‌లో ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయ్యారు. 2019 ఎన్నికల ఫలితాలు మే 23న గానీ రాలేదు, ఆరు నెలల గడువు అంతకుముందే ముగిసిపోతోంది, ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. రాజీనామా చేసి మళ్లీ ప్రమాణం చేస్తే ఇంకో ఆరు నెలలు వస్తాయనే తెలివి కూడా పనికిరాదు, పంజాబ్‌లో అలాగే చేసిన ఒక మంత్రి కేసులో సుప్రీంకోర్టు 2001లోనే ఆ దారి మూసేసింది.

అపోహ: సీఎం తలుచుకుంటే ఎంతమందినైనా మంత్రుల్ని చేయొచ్చు.

2003లో వచ్చిన 91వ సవరణ తర్వాత కుదరదు. అసెంబ్లీ సంఖ్యలో 15 శాతమే పరిమితి. అందుకే ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 26, తెలంగాణలో 18. డిప్యూటీ సీఎం అనే పదవి రాజ్యాంగంలో లేదు, చట్టం దృష్టిలో ఆయన కూడా మంత్రే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉన్నారు.

అపోహ: మెజారిటీ ఉంటే ముఖ్యమంత్రికి అడ్డేముంది?

చాలా ఉన్నాయి. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 151 మంది ఎమ్మెల్యేలున్న ప్రభుత్వం మూడు రాజధానుల బిల్లు తెస్తే, శాసనమండలి దాన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లుని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీకి, పంపాలంది. కొద్ది రోజుల్లోనే మండలి రద్దుకి అసెంబ్లీ తీర్మానం చేసింది. రద్దు చేయాల్సింది పార్లమెంటు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది, 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు. మహిళలపై నేరాలకు కఠిన శిక్షల కోసం 2019 డిసెంబర్‌లో అక్కడే ఆమోదించిన దిశ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది రాక చట్టం కాలేదు. తెలంగాణలో 2025 సెప్టెంబర్‌లో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో ఇస్తే, అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది. అవి మంచివా చెడ్డవా అనే గొడవలోకి నేను పోను. సభలో చేతులెత్తే మంది ఉన్నా పని ఆగే చోట్లు ఎన్ని ఉన్నాయో చూడమంటున్నాను, అంతే.

అపోహ: అసెంబ్లీలో తిట్టుకోవడం తప్ప జరిగేదేమీ లేదు.

టీవీలో చూపించేది అదే కాబట్టి అలా అనిపిస్తుంది. కొంత నిజం కూడా ఉంది, చర్చ జరగని పద్దుల్ని చివరి రోజు గిలెటిన్ పేరుతో ఒక్క ఊపులో ఆమోదించేస్తారు, వేల కోట్లు అలాగే పోతాయి. కానీ ప్రశ్నోత్తరాల ముందు రోజు రాత్రి ఏ మంత్రి పేషీలోనైనా కూర్చుని చూడండి. నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సింది) ఒక్కటి వస్తే శాఖ మొత్తం లేచి కూర్చుంటుంది. అడిగిన ప్రశ్నకి జవాబు అరపేజీ, దానికి అనుబంధ ప్రశ్నలు ఏమొస్తాయోనని తయారుచేసే నోట్ మాత్రం చేటంత. జిల్లాల నుంచి లెక్కలు రాలేదని అర్ధరాత్రి దాకా ఫోన్లు, టెన్షన్. సంవత్సరాలుగా కదలని ఫైలు ఒక్క ప్రశ్నతో వారంలో కదలడం నేను కళ్లారా చూశాను.

ఇంకో సంగతి. బహిరంగ సభలో మంత్రి ఇచ్చిన మాటకి లెక్కాపత్రం లేదు. అదే మాట శాసనసభలో అంటే ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని నమోదు చేసుకుని, ఏమైందని శాఖని అడుగుతుంది. అందుకే జవాబు ముసాయిదా రాసేటప్పుడు 'చేస్తాం' అనే మాట పడకుండా మేం నానా తంటాలు పడేవాళ్లం. కాబట్టి మీ వాగు వంతెన గురించి మంత్రి గారు ఈసారి మైకులో మాటిస్తే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. మర్నాడు మీ ఎమ్మెల్యే దగ్గరికెళ్లి, అదే విషయం వచ్చే సమావేశాల్లో ప్రశ్నగా వేయమని అడగండి. ఆయన అధికార పార్టీ అయితే కాస్త నసుగుతాడు, వదలకండి.