ఏ కాపీ విన్నారు సార్? ఆల్బమ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

చెన్నై సాలిగ్రామంలో నాకో చిన్న గది ఉంది. పాత గ్రామఫోన్ రికార్డులు (ఎల్పీలు, అంతకు ముందటి 78 ప్లేట్లు), క్యాసెట్లు ఎవరైనా తెచ్చిస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించి, చిటపటలూ బుసా తగ్గించి ఇస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నెలకో శనివారం సాయంత్రం మా డాబా మీద పదిమందిమి చేరతాం. అందరం తెలుగువాళ్లమే. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు కొందరు, ఇక్కడే పుట్టి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రానివాళ్లు కొందరు. ఈ మధ్య ఏ ఆల్బమ్ వింటున్నారో ఒక్కొక్కరూ చెప్పాలి, అందులోంచి ఒక పాట వినిపించాలి. పాట మొదలయ్యేలోపే గొడవ మొదలవుతుంది. "నాది ఒరిజినల్ ఎల్పీ", "నాది హై రెజల్యూషన్", "నీ ఫోన్లో వచ్చేదీ ఒక పాటేనా?"

ఈ గొడవలో నేను అడిగేది ఒకటే. ఏ కాపీ? ఎవరు, దేని నుంచి, ఎలా ఎక్కించిన కాపీ? పాట ఎలా వినిపిస్తుందన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఎల్పీయా, సీడీయా, ఫోనా అన్నది ఆ తర్వాతి మాట. మా డాబా మీద పదే పదే వినిపించే అపోహల్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎల్పీలో సంగీతం పూర్తిగా ఉంటుంది, సీడీలో కోసేస్తారు.

ఎల్పీలోనే కోతలు ఎక్కువ. మంద్రాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి పక్క గాడిలోకి పోతుంది. అందుకని మంద్రం తగ్గించి, పై స్వరాలు పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఫోనో ప్రీ ఆంప్ అనే చిన్న పరికరం దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954 నుంచి దీనికో ప్రమాణం ఉంది. కొత్తగా రికార్డ్ ప్లేయర్ కొన్నవాళ్లు దాన్ని తీసుకెళ్లి ఆంప్లిఫయర్‌కుండే మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌లో పెట్టి "ఏంటన్నా, రేకు డబ్బా మోగినట్టుంది" అంటుంటారు. రికార్డు తప్పేమీ లేదు, ఆ తిరగేసే పని జరగలేదంతే.

ఇంకో సంగతి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు జరిగితే, లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 సెంటీమీటర్ల చిల్లర. అదే స్వరం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. కాబట్టి లోపలి పాటలో 'స'లూ 'ష'లూ చీలినట్టు వినబడతాయి. ఇది తెలిసినవాళ్లు రికార్డు ఒక్కో వైపు చివర గోలగా ఉండే పాట కాకుండా మెత్తటి పాట పెట్టేవారు. ఆల్బమ్‌ని షఫుల్‌లో వినేవాళ్లతో నాకున్న పేచీ ఇదే. ఆ వరసకి ఒక్కోసారి భావం కంటే గాడే కారణం.

లెక్కకొస్తే, అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సీడీ 96 డెసిబెల్‌ల వ్యత్యాసాన్ని మోయగలదు, మంచి ఎల్పీ 60, 70 దగ్గర ఆగుతుంది. అయినా చాలా పాత ఆల్బమ్‌ల ఎల్పీ కాపీయే నాకూ ఎక్కువ నచ్చుతుంది. ఎందుకో కింది దాంట్లో ఉంది.

ఇప్పుడు కొత్తగా అచ్చయ్యే ఎల్పీలు చాలావరకు డిజిటల్ ఫైలు నుంచే చెక్కుతున్నారు. పూర్తి అనలాగ్ అని జనం నమ్మి కొన్న ఒక అమెరికన్ కంపెనీ ఖరీదైన రికార్డుల మధ్యలోనూ డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా అవే రికార్డులు చూపించి "డిజిటల్‌కి ఈ తీపి ఎక్కడిది?" అన్నవాళ్లు ఉన్నారు.

అపోహ: రీమాస్టర్ (పాత రికార్డింగుకి మళ్లీ మెరుగులు దిద్దింది) అని రాసుంటే పాతదాని కంటే బాగుంటుంది.

దీనికి నా తప్పే చెబుతాను. కొన్నేళ్ల కిందట బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన కర్ణాటక గాత్రం ఎల్పీ తెచ్చారు. రెండు రకాలుగా చేశాను. ఒకదాంట్లో చిటపటలు మాత్రం ఏరేశాను. రెండో దాంట్లో బుస మొత్తం తుడిచేసి, లిమిటర్ (పెద్ద శబ్దాల్ని నొక్కిపట్టేది) వేసి కాస్త ఎత్తాను. రెండూ వినిపిస్తే ఆయన రెండోదే బాగుందన్నారు. నాకూ అలాగే అనిపించి అదే ఇచ్చాను. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

"బాబూ, తంబూరా ఏదయ్యా?"

విని చూస్తే నిజమే. పాట ఆగిన చోటల్లా వెనక బావిలా ఖాళీ. తంబూరా ఆగకుండా ఒకేలా మోగుతుంది కదా, బుస కూడా అంతే. ఆగకుండా ఒకేలా వినబడేదాన్ని తీసేయమని సాఫ్ట్‌వేర్‌కి చెబితే అది రెంటినీ ఒక గాటన కట్టేసింది. తంబూరా తీగల జుమ్మనే జీవాళి నాదం మొత్తం బుసతో పాటే ఊడ్చుకుపోయింది. మరి ఆ రోజు ఇద్దరికీ రెండోదే ఎందుకు నచ్చింది? అది 2 డెసిబెల్‌లు గట్టిగా ఉంది, అంతే. రెండూ ఒకటే అయితే మన చెవి గట్టిగా ఉన్నదాన్నే మంచిదంటుంది. శబ్దం సమానం చేసి మళ్లీ వింటే మొదటిదాని ముందు రెండోది నిలవలేదు. ఆయనకి డబ్బులు అడక్కుండా మళ్లీ చేసిచ్చాను. అప్పటి నుంచి శబ్దం సమానం చేయకుండా రెండు కాపీలు ఎవరికీ వినిపించను.

ప్రపంచమంతటా 1990ల నుంచి జరిగిందీ ఇదే. పక్కవాడి సీడీ కంటే మనది గట్టిగా మోగాలని పాటలోని చిన్న పెద్ద శబ్దాలన్నిటినీ ఒకే ఎత్తుకి నొక్కేశారు. మృదంగం దెబ్బకీ గాయకుడి ఊపిరికీ తేడా లేకుండా పోయింది. పాత ఎల్పీలో అంత నొక్కుడు లేదు. మనకి నచ్చేది చాలాసార్లు ఆ నొక్కుడు లేకపోవడమే, దాన్ని ఎల్పీ మహిమ అనుకుంటాం. ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లు అన్ని పాటల్నీ ఒక మట్టానికి తెస్తున్నాయి (స్పాటిఫై మామూలుగా పెట్టేది మైనస్ 14 లఫ్స్, అంటే శబ్దం ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత). కాబట్టి గట్టిగా నొక్కిన పాటని యాప్ తగ్గించేస్తుంది. నొక్కుడు మాత్రం అలాగే ఉండిపోతుంది. గొంతు చించుకుని అరిచినవాడికి చివరికి మిగిలేది బొంగురే.

అపోహ: ఆ రోజుల్లో విద్వాంసులు ఎంత పై శ్రుతిలో పాడేవారో!

మైకులు లేని రోజుల్లో పై శ్రుతిలో పాడినవాళ్లు నిజంగానే ఉన్నారు, కాదనను. కానీ ఇవాళ మనం వినే చాలా పాత కచేరీల్లో ఆ ఎత్తు గాయకుడిది కాదు, మోటారుది.

క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. డెక్‌లో, అంటే క్యాసెట్ తిప్పే మెషీన్‌లో, బెల్టు సాగితే నెమ్మదిస్తుంది, ఎవరో స్క్రూ తిప్పి ఉంటే పరుగెడుతుంది. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. శ్రుతిని కొలిచే ఇక్కడి తమిళ లెక్కలో అర కట్టై. ఒక టేపు నాలుగు చేతులు మారి, నాలుగు డెక్‌ల మీద కాపీ అయి మన దగ్గరికొస్తే, ఒక్కో డెక్ తన వంతు కలుపుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన 78 ప్లేట్లయితే మరీ కష్టం. 1925కి ముందు, విద్యుత్ రికార్డింగ్ రాకముందు చెక్కినవి కచ్చితంగా 78 చుట్లకే ఉన్నాయన్న హామీ లేదు. లేబుల్ మీద ఏముందో చూసి తిప్పేస్తే బొంగురు గొంతు బాల గొంతవుతుంది.

మరి సరైన వేగం ఎలా పట్టుకోవడం? గాయకుడు ఆగి, వయొలిన్ అందుకునే లోపు దొరికే అర సెకను నిశ్శబ్దంలో చెవి పెట్టండి. అడుగున సన్నగా 'మ్‌మ్' అని కరెంటు రొద ఉంటుంది. మైకు వైర్ల ద్వారా ఆ రోజు కచేరీలోనే టేపులోకి ఎక్కింది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ ముక్కని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే రొద గీత 52 దగ్గర కనబడిందనుకోండి, టేపు 4 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతోందన్నమాట. ఆ మేరకు తగ్గిస్తాను. ఒక చిక్కుంది. నా డెక్‌కీ సొంత రొద ఉంటుంది, అది సరిగ్గా 50 దగ్గరే కూర్చుంటుంది. రెండు గీతలు కనిపిస్తే ఏది కచేరీది, ఏది నా గదిది అని తేల్చుకోవాలి. టేపు ఆపేసినా మిగిలేది నాది. పైగా అప్పటి గ్రిడ్డు కూడా కాస్త అటూ ఇటూ ఊగేది. అందుకే చివర్లో ఆ విద్వాంసుడి శ్రుతి తెలిసిన పాత రసికులెవరికైనా వినిపించి, వాళ్లు తలూపాకే ఫైలు ఇస్తాను.

ఒకసారి డాబా మీద ఓ కుర్రాడు యూట్యూబ్‌లోంచి ఒక కచేరీ వినిపించి "ఎంత వేగం, ఎంత బిర్కా (వేగంగా దొర్లే స్వరాలు)!" అని మురిసిపోయాడు. దాన్నే నా కాపీలో వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, ఇది ఇంకా బాగుంది, కానీ నాకు దుఃఖంగా ఉంది" అన్నాడు. పాపం, మూడేళ్లుగా అదే విని సాధన చేస్తున్నాడట.

అపోహ: క్యాసెట్ ముసుగేసుకున్నట్టు వినబడుతోందంటే టేపు చచ్చిపోయినట్టే.

నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి సగం టేపుకి ఏ రోగమూ ఉండదు. ప్లేయర్ తలుపు తీస్తే, టేపుని చదివే హెడ్ పక్కన స్ప్రింగు వేసిన చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్ సన్న చీలిక టేపుకి సరిగ్గా నిలువుగా ఉండాలి. రికార్డు చేసిన మెషీన్‌లో అది కాస్త వాలి ఉంటే, మన మెషీన్ కూడా అంతే వాలాలి. లేకపోతే మొదట పోయేవి పై స్వరాలే. మొన్న ఒకామె వాళ్ల నాన్నగారి భజనల క్యాసెట్ తెచ్చింది. పాట నడుస్తుండగా ఆ స్క్రూని పావు చుట్టు తిప్పాను. దిండు కిందున్న గొంతు బయటికొచ్చింది, తాళాలు ఘల్లుమన్నాయి. ఆమె టేబుల్ పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో ఎవరైనా ప్రయత్నిస్తే స్క్రూ ముందున్న చోట మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి, పని కాగానే మళ్లీ అక్కడికే తిప్పేయండి. లేకపోతే ఈ క్యాసెట్ బాగై మిగతావన్నీ ముసుగేసుకుంటాయి.

టేపుని హెడ్‌కి అదిమిపెట్టే చిన్న మెత్త ఊడిపోవడం రెండో కారణం. చెన్నై ఉక్కకి జిగురు వదిలేస్తుంది. పనికిరాని క్యాసెట్ నుంచి ఇంకో మెత్త తీసి అతికిస్తే సరి. ఇక టేపు మీద తెల్లగా బూజు కనబడితే మాత్రం ఏ ప్లేయర్‌లోనూ పెట్టకండి. మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది.

మన క్యాసెట్లలో ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా వేసేవారు కదా. ఆ రెండు సినిమాలకీ ఏ సంబంధమూ లేకపోయినా నా బుర్రలో ఇప్పటికీ అవి అన్నదమ్ములే.

అపోహ: రికార్డు ఏదైనా స్పిరిట్‌తో తుడిస్తే శుభ్రమవుతుంది.

ఎల్పీ వినైల్. డిస్టిల్డ్ వాటర్‌లో ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కొంచెం కలిపి మెత్తటి బట్టతో తుడవచ్చు. 78 ప్లేటు అలా కాదు, అందులో ఉన్నది లక్క. వడ్రంగులు తలుపుకి ఫ్రెంచి పాలిష్ పెట్టేటప్పుడు లక్కని దేంట్లో కరిగిస్తారు? స్పిరిట్‌లోనే కదా. కరోనా రోజుల్లో ఒకాయన తాతగారి ప్లేట్లని శానిటైజర్‌తో శ్రద్ధగా తుడిచి తెచ్చారు. గాడి నున్నగా అలికినట్టయిపోయింది. లక్క ఇంటికి నిప్పు తగిలినా విదురుడు ముందే చెప్పాడు గనక పాండవులు బయటపడ్డారు, ఈ ప్లేట్లకి చెప్పేవాళ్లు లేరు. వాటికి డిస్టిల్డ్ వాటరే, అదీ లేబుల్ తడవకుండా.

78కి ముల్లు కూడా వేరు. దాని గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు పెడితే అడుగున చెత్తని గీకుతూ పోతుంది. పాటకంటే ఆ చెత్తే ఎక్కువ వినిపిస్తుంది.

అపోహ: ఆల్బమ్ అనేది నిన్నమొన్నటి మాట.

78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పాడుతుంది. పొడవైన సంగీతమైతే నాలుగైదు ప్లేట్లని అట్టల పుస్తకంలో, ఫొటోల ఆల్బమ్‌లాగా, సంచుల్లో పెట్టి అమ్మేవారు. పేరు అక్కడిది. 1948లో ఎల్పీ వచ్చి ఆ పుస్తకాన్ని ఒక్క ప్లేటు చేసేసింది. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతాన్నే చూడండి, ఇరవై నిమిషాల పాఠం. 78ల మీదైతే ఆరేడు వైపులు కావాలి. మూడు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పుతుంటే వెంకన్నని ఎవరు లేపినట్టు?

అపోహ: ఫ్లాక్ (పాటలో ఏదీ పోకుండా దాచే రకం), 192 కిలోహెర్ట్జ్ ఫైలైతే ఇక తిరుగులేదు.

సీడీ 44.1 కిలోహెర్ట్జ్‌తోనే, అంటే శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, 22 కిలోహెర్ట్జ్ దాకా స్వరాల్ని పట్టుకుంటుంది. పసిపిల్లల చెవి 20 దగ్గర ఆగుతుంది, నా 52 ఏళ్ల చెవి 13 దాటితే వినదు. రికార్డు చేసేటప్పుడు నేనూ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వాడతాను, ఎందుకంటే మరమ్మతుకి చోటు కావాలి. వినడానికి అంత అక్కర్లేదు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీని (చిన్న సైజుకి కుదించిన ఫైలుని) ఫ్లాక్‌గా మార్చి పంచేవాళ్లూ ఉన్నారు. స్పెక్ట్రమ్‌లో (ఏ స్వరం ఎంత ఉందో చూపే బొమ్మలో) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపీటతో కోసినట్టు ఆగిపోయి ఉంటుంది. ఫైలు బరువు పెరిగింది, పాట పెరగలేదు.

అపోహ: సీడీకి కింది వైపు గీతలు పడకుండా చూస్తే చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది పై వైపు. వెండిలా మెరిసే పూత లేబుల్‌కి ఆనుకునే ఉంటుంది. కింది గీతని పాలిష్ చేయొచ్చు, పైన పూత లేచిపోతే పాట పోయినట్టే.

పోయిన శనివారం నా వంతు వచ్చింది. ఇళయరాజా గారి హౌ టు నేమ్ ఇట్ గురించి చెప్పాను. 1986 ఆల్బమ్, త్యాగరాజుకీ జర్మన్ సంగీతకర్త బాఖ్‌కీ అంకితం. ఈ నెలంతా అదే వింటున్నానని, వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చే చోట ఇన్నేళ్లకి మొన్ననే ఒక కొత్త వరస వినబడిందని కాస్త గొప్పగానే చెప్పాను. ఆ యూట్యూబ్ కుర్రాడు కాఫీ డబరా కింద పెట్టి అడిగాడు.

"ఏ కాపీ అన్నా?"

చెప్పక తప్పలేదు. వడపళని నుంచి ఎగ్మోరు వెళ్లే మెట్రోలో, ఫోన్లో, ఒక చెవి పనిచేయని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లో.