కరివేపాకుకు పట్టిన పురుగు

అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. బీళ్లన్నీ ఎండిపోయినా పెరట్లో కరివేపాకు మాత్రం చిగురేస్తూనే ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, పులిసిన మజ్జిగ దానికే పోస్తాం కదా! ఆ చిగురు మీద కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది.

గుడ్డులోంచి వచ్చిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిలిస్తే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. "చెట్టుకు పురుగు పట్టిందక్కా, మందు కొట్టు" అంది పక్కింటామె. నిరుడు కొట్టాను కూడా. పురుగులు చచ్చాయి గానీ, ఆ తర్వాత చారులోకి ఆకు కోయాలంటే భయమేసింది.

అసలు వింత రెక్కలొచ్చాక చూడాలి. మగదానికి వెనక రెక్కల మీద తెల్లచుక్కల వరస ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మాత్రం ఎరుపు, తెలుపు మచ్చలతో కామన్ రోజ్ అనే వేరే జాతి వేషం కడతాయి. కామన్ రోజ్ ఒంట్లో విషం ఉంటుంది. దాన్ని ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. ఆ భయమే వేషగత్తెకూ కాపలా. ఈ ఆడవాటి వేషాల గురించి బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లోనే రాశాడు. డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జన్యువు ఈ వేషం వేయిస్తుందని 2014లో కృష్ణమేఘ్ కుంటే, తోటి శాస్త్రవేత్తలు తేల్చారు. మీరూ గుర్తుపట్టొచ్చు, ఒళ్లు చూడండి: అసలుదానికి ఎరుపు, వేషగత్తెకు నలుపు.

మరి కామన్ రోజ్‌కు విషం ఎక్కడిది? గాడిదగడపాకుది. చేలల్లో, గట్ల మీద నేలబారుగా పాకే ఆ కలుపుమొక్కను తిని, అందులోని విషాన్ని దాని పురుగు ఒంట్లో దాచుకుంటుంది. (నాటుమందని మీరు మాత్రం తినకండి, కిడ్నీలు పాడవుతాయి.) అంటే మన ప్రహరీ లోపల పెరిగిన సీతాకోకకు రక్షణ ప్రహరీ బయటి కలుపులో ఉంది. అసలుదే కనబడని చోట పిట్టలకు ఆ రంగులంటే భయం నేర్పేదెవరు? అక్కడ వేషం కట్టినా దండగే.

ఇప్పుడు మా ఇంట్లో చేతికందే కొమ్మలు తాలింపుకు, పై కొమ్మలు పురుగులకు. పక్క ఖాళీ జాగాలో గాడిదగడపాకు ఇంకా ఉంది, ప్లాటు ఓనరు జేసీబీ తెప్పించేదాకా.