పంట నష్టం డబ్బులు: రచ్చబండ మీది మాట, రికార్డులోని మాట

తుపాను తీరం దాటిన మర్నాటి నుంచి నా ఫోను ఆగదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మా చేను రాశారా?" కృష్ణా డెల్టాలో వ్యవసాయ శాఖ ఉద్యోగిగా ఏళ్ల తరబడి ఈ నష్టాలు రాస్తున్నాను. పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బుల మీద ఏటా అవే అపోహలు.

అపోహ: నష్టం జరిగాక వెళ్లి పేరు రాయించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: పేరు తుపానుకు ముందే ఎక్కి ఉండాలి. మేం ట్యాబుతో గట్టు మీదికి వచ్చేసరికి అందులో కనబడేది ఈ-పంటలో (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) నమోదైన సర్వే నంబరు, పంట, సాగుదారు పేరు. అవి లేకపోతే కళ్లెదుట చేను నీళ్లలో ఉన్నా మా చేతులు కట్టేసినట్టే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి చాపలా పరుచుకుపోయింది. అంతకు రెండు నెలల ముందు ఆ నమోదును ఖాయం చేసే ఈకేవైసీకి వేలిముద్ర వేయమంటే "రేపొస్తాలే బాబూ" అన్న పెద్దాయన, తుపాను పోయిన కొద్ది రోజులకు మొలకెత్తిన కంకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏం చెప్పను?

అపోహ: చేలో నీళ్లు నిలిస్తే డబ్బులొచ్చినట్టే.

వాస్తవం: పంట 33 శాతం, ఆపైన దెబ్బతినాలి. 2015కు ముందైతే ఇది 50 శాతం. నీళ్లు తీశాకే ఆ లెక్క తేలుతుంది. అందుకే మర్నాడే రాయం, దానికి తిట్లూ తింటాం. పిలకల దశలో వరి రెండు రోజులు మునిగినా తేరుకుంటుంది. పూత మీద మునిగితే పైకి పచ్చగానే ఉంటుంది, లోపల తాలే.

అపోహ: పోయిన పంట ఖరీదు కట్టిస్తారు.

వాస్తవం: దీని పేరే ఇన్‌పుట్ సబ్సిడీ. మళ్లీ సాగు మొదలుపెట్టుకోవడానికి ఇచ్చే చేయూత, అంతే. 2022-23 నుంచి 2025-26 వరకు విపత్తు నిధికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి ఉన్నదానికి రూ.17,000, బహువార్షిక తోటలకు రూ.22,500. అదీ 2 హెక్టార్ల వరకే. అంటే మాగాణి ఎకరాకు ఏడు వేలు కూడా నిండవు. రాష్ట్రం పైన కలిపితే పెరుగుతుంది: 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి ఎకరాకు రూ.10,000 ప్రకటించింది. కౌలే ఎన్ని బస్తాలో తెలిసినవాళ్లకు ఇది ఏ మూలకొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

అపోహ: కౌలు రైతుకు రాదు, భూమి ఉన్నవాడికే.

వాస్తవం: సాగుదారుగా ఎవరి పేరు నమోదైతే వాళ్లకే. చిక్కల్లా ఆ పేరు ఎక్కడం దగ్గరే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలే చెల్లుతుంది, దానితో భూమి మీద ఏ హక్కూ రాదు. అయినా ఆ పత్రానికి సంతకం పెడితే పొలం పోతుందని యజమానులకు దడ. ఆ దడ వల్లే పండించింది ఒకరైతే, జాబితాలో ఇంకొకరి పేరుంటుంది. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అపోహ: బీమా, ఇదీ ఒకటే.

వాస్తవం: కావు. ఫసల్ బీమా (కేంద్రం పంటల బీమా పథకం) వేరు, దానికి ప్రీమియం వేరు. ఊరంతా కాక కొన్ని చేలకే తగిలిన స్థానిక విపత్తు నష్టమైతే 72 గంటల్లో బీమావాళ్లకు మీరే తెలియజేయాలి. మేం వచ్చి రాసుకున్నాం కదా అని ఊరుకుంటే అది పోతుంది.

అపోహ: జాబితాలో పేరుంది, డబ్బు పడలేదు, ఎవరో తినేశారు.

వాస్తవం: ముందు ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో చూడండి. జాబితాను రైతు సేవా కేంద్రంలో అంటిస్తాం, అభ్యంతరాలు అప్పుడే చెప్పాలి. నాతో గట్టిగా పోట్లాడినాయన డబ్బు చివరికి దొరికింది: ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాలో, ఆరు నెలలుగా పడి ఉంది.