చిన్న రంధ్రాలే, ఆపరేషన్ మాత్రం పెద్దదే

"బొక్కలే కదా మేడమ్, కోతేం లేదుగా!"

పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు పాకినవాళ్లకు రెండు చోట్లా ఒకేసారి లాపరోస్కోపీలో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ, తీసేద్దామనగానే ఇంట్లోవాళ్లు అనే మాట ఇది. భయంతో వచ్చినవాళ్ల మొహాలు కాస్త తేటపడితే నాకూ సంతోషమే. కానీ ఎక్కువమందిని దెబ్బతీస్తున్న అపోహ కూడా ఇదే.

అపోహ: చిన్న రంధ్రాలు కాబట్టి చిన్న ఆపరేషన్.

వాస్తవం: చిన్నదయింది పొట్ట మీది గాయం ఒక్కటే. లోపల పేగు ముక్క తీసి రెండు కొసలూ అతుకుతాం, లివర్‌లో గడ్డలున్న భాగం కోస్తాం. అతుకు లీకవ్వచ్చు, లివర్ కోసిన చోట పైత్యరసం కారొచ్చు. లివర్ కోసేటప్పుడు రక్తం ఎక్కువ పోకుండా దానికి వెళ్లే రక్తనాళాలను కాసేపు బిగిస్తాం, 1908లో ప్రింగిల్ అనే సర్జన్ చెప్పిన పద్ధతి. అంతసేపూ పేగుల నుంచి లివర్‌కు వెళ్లాల్సిన రక్తం వెనక నిలిచి పేగు గోడ ఉబ్బుతుంది. అప్పుడే వేసిన అతుకుకు అది మంచిది కాదు. అందుకే చాలాసార్లు లివర్ పని ముందు ముగిస్తాం.

ఫ్రాన్స్‌లో జరిగిన మెటాసింక్ అధ్యయనంలో (2021) ఒకేసారి చేసినవాళ్లలో 49 శాతం మందికి, విడివిడిగా చేసినవాళ్లలో 46 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. ఒకేసారి చేస్తే ముప్పు రెట్టింపు కాలేదు, నిజమే. కానీ ఎలా చేసినా అది చిన్న ముప్పు కాదు.

ఒకాయన ఆరోరోజు నడుచుకుంటూ ఇంటికెళ్లారు. ఎనిమిదోరోజు ఎక్కిళ్లు, పొట్ట ఉబ్బరం, గుండెదడ. మందులషాపులో గ్యాస్ మాత్ర తెచ్చి వేశారు. రెండ్రోజుల తర్వాత మా దగ్గరికొచ్చేసరికి పల్స్ 130, పొట్ట బిగుసుకుపోయి ఉంది. "కుట్లు చూస్తే ఎంత శుభ్రంగా ఉన్నాయో మేడమ్, లోపల ఇలా ఉందని ఎలా తెలుస్తుంది" అని ఆయన భార్య ఒకటే ఏడుపు. ఆ రాత్రే మళ్లీ పొట్ట తెరిచి స్టోమా (మలం సంచిలోకి వెళ్లేలా పేగును పొట్ట మీదికి తెచ్చే దారి) పెట్టాం. మనిషి దక్కాడు, కీమో మాత్రం బాగా వెనకపడింది. "నేనే ఆలస్యం చేశాను" అంటుంటే, "కాదమ్మా, మేమే గట్టిగా చెప్పలేదు" అన్నాను. అప్పట్నుంచీ డిశ్చార్జ్ కాగితం మీద ఎర్ర ఇంకుతో నేనే రాస్తున్నాను: పల్స్ 100 దాటినా, జ్వరమొచ్చినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా వెంటనే రండి. కుట్లు చూసి ఆగొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కత్తి పడితే, గాలి తగిలితే క్యాన్సర్ పాకుతుందనేది పుకారు. దాన్ని నమ్మి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, దయచేసి ఎవరికీ చెప్పకండి. లివర్‌కు పాకితే ఇక అంతే అనుకోకండి, గడ్డలన్నీ తీయగలిగినవాళ్లలో ఐదేళ్లు దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న లివర్ 30 శాతం మిగిలినా మళ్లీ పెరుగుతుంది. కీమో పడిన లివర్‌ను ఇంకాస్త ఎక్కువ మిగల్చాలి. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోత పెట్టారంటే డాక్టరు తప్పు చేసినట్టు కాదు, రక్తం అదుపులోకి రాకపోతే తెరవాల్సిందే. ఖర్చు కలిసొస్తుందని "రెండూ ఒకేసారి కానిచ్చేయండి" అంటారు. మలద్వారానికి బాగా దగ్గర్లో గడ్డ ఉండి, లివర్‌లోనూ సగానికి పైగా తీయాల్సి వస్తే నేను కలిపి చేయను, రెండుసార్లు రమ్మంటాను.